పాత్రలోంచి రాయడం: పాఠశాల రచనాభ్యాసాలలో పరకాయప్రవేశం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యార్థి మరొకరి పాత్రలో నిలిచి రాసే అభ్యాసాలు ఇటీవలి పాఠ్యపుస్తకాలలో ‘సృజనాత్మకత’ అన్న శీర్షిక కింద కనిపిస్తున్నాయి. ఇవి ఈ మధ్యనే విదేశాల నుంచి వచ్చిన పద్ధతులన్న అభిప్రాయం ఉపాధ్యాయవర్గంలో బలంగా ఉంది. గ్రీకు, రోమన్ పాఠశాలలు, తెలుగు సీమలోని వీథిబడులు, వ్యావహారిక భాషోద్యమం, ఆధునిక కావ్యాల మీదుగా ఈ అభ్యాసం నేటి తరగతి గదికి చేరిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత్రను గురించి నిర్దిష్టమైన జ్ఞానం లేనిచోట ఇది కంఠస్థపాఠంగా దిగజారుతుందనీ, అందువల్ల దీనిని భాషాబోధనకే వదిలివేయడం సరికాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రోచిత రచన, ఔచిత్యం, వీథిబడి, వ్యాసరచన, గబ్బిలం, ధాత కరువు, బోధనపద్ధతులు

1. ప్రస్తావన

శంకరాచార్యుల జీవితగాథలలో ఒక ప్రసిద్ధ ఘట్టం ఉంది. మండనమిశ్రుడితో వాదం ముగిశాక ఉభయభారతి కామశాస్త్రంలో ప్రశ్నలు వేస్తుంది. సన్న్యాసికి ఆ శాస్త్రం తెలియదు. ఆయన గడువు అడిగి, మరణించిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశించి, తెలుసుకోవలసింది తెలుసుకొని తిరిగి వస్తాడు. గాథలోని చారిత్రకత ఎలా ఉన్నా, అందులోని ఊహ విద్యావిషయకమైనది. తన దేహంలో ఉండి నేర్చుకోలేని విషయాన్ని మరొకరి దేహంలో ఉండి నేర్చుకోవచ్చునన్నది ఆ ఊహ. మన కథాసంప్రదాయం దీనికి పరకాయప్రవేశం అని పేరు పెట్టింది.

నేటి పాఠశాలలో ఇదే ఊహ చాలా చిన్న రూపంలో కనిపిస్తుంది. ‘నీవొక చెట్టువనుకొని నీ ఆత్మకథ రాయి’, ‘కథలోని తల్లి తన కొడుక్కు రాసిన లేఖను ఊహించి రాయి’ వంటి ప్రశ్నలు తెలుగు వాచకాలలో ఇప్పుడు సర్వసాధారణం. అమెరికా బోధనశాస్త్రంలో ఈ తరహా అభ్యాసానికి ‘రాఫ్ట్’ అని పేరు. రాసేవారి పాత్ర, చదివేవారు, రచనారూపం, విషయం అన్న నాలుగు అంశాలకు ఇంగ్లీషులో ఉన్న పేర్ల తొలి అక్షరాలను కలిపితే ఈ మాట ఏర్పడింది. శిక్షణ తరగతులలో దీనిని నవీన పద్ధతిగా పరిచయం చేస్తారు. పేరు నవీనమే. అభ్యాసం మాత్రం రెండువేల ఏళ్ల నాటిది. దాని వెనుక ఉన్న నియమాలు తెలియకపోవడం వల్ల మన తరగతి గదులలో ఏమి జరుగుతున్నదో చూడాలంటే చరిత్రలోకి కొంత దూరం వెళ్లక తప్పదు.

2. గ్రీకు, రోమన్ పాఠశాలలు: పాత్రభాషణం

ప్రాచీన గ్రీకు అలంకారికులు వక్తృత్వం నేర్చుకొనే బాలుర కోసం క్రమబద్ధమైన రచనాభ్యాసాలను ఏర్పరచారు. వీటికి ప్రోజిమ్నాస్మాటా, అంటే ప్రాథమిక వ్యాయామాలు, అని పేరు. నీతికథను తిరిగి చెప్పడంతో మొదలై శాసనాన్ని సమర్థించడం లేదా ఖండించడం దాకా సాగే ఈ వరుస క్రీ.శ. 4వ శతాబ్దికి చెందిన అఫ్తోనియస్ గ్రంథంలో 14 అభ్యాసాలుగా స్థిరపడింది. వాటిలో ఒకటి ఎథొపీయా. ఒక నిర్దిష్ట వ్యక్తి ఒక నిర్దిష్ట సందర్భంలో ఏమి పలుకుతాడో రాయడం ఇందులో పని. దీనిని పాత్రభాషణం అనవచ్చు. పిల్లలందరినీ పోగొట్టుకొన్న నయోబీ వారి శవాల ముందు ఏమంటుంది అన్నది అఫ్తోనియస్ ఇచ్చిన నమూనా. అతడి పద్ధతిలో ఆ పలుకు మూడు కాలాల గుండా నడవాలి. ముందు వర్తమాన దుఃఖం, తరువాత గతం, ఆపైన భవిష్యత్తు.

అఫ్తోనియస్ కన్నా ముందువాడైన థియోన్ చెప్పిన నియమాలు ఈ వ్యాసానికి ఇంకా ముఖ్యమైనవి. పాత్రచేత పలికించేముందు ఆలోచించవలసినవి అతడు వివరించాడు: మాట్లాడేవారి వయసు, స్త్రీపురుష భేదం, స్వతంత్రులా బానిసలా అన్న స్థితి, వింటున్నవారెవరు, సమయమేది, చోటేది. ప్రయాణానికి బయలుదేరుతున్న భర్త భార్యతో ఏమంటాడు, ఆపదలో సేనాని సైనికులతో ఏమంటాడు వంటివి అతడి ఉదాహరణలు. లేఖారచనను కూడా అతడు ఈ అభ్యాసం కిందనే చేర్చాడు. ఇరవయ్యో శతాబ్ది చివరలో రాఫ్ట్ పేరుతో వచ్చిన నాలుగు అంశాలూ ఇందులో ఉన్నాయి. స్థలకాలాలు, సామాజికస్థితి అన్న రెండు అదనంగా కూడా ఉన్నాయి. నాలుగు అక్షరాల పేరులో ఇమడలేక జారిపోయినవి ఈ రెండే.

ఈ అభ్యాసంలో తరగతి గదిలోని బాలుడు దేవతగా, రాణిగా, శత్రువుగా మాట్లాడవలసి వచ్చేది. సెయింట్ అగస్టీన్ తన ఆత్మకథాత్మక గ్రంథంలో బాల్యంలో తనకిచ్చిన ఒక అభ్యాసాన్ని గుర్తుచేసుకొన్నాడు. ట్రోయ్ రాజును ఇటలీకి చేరకుండా ఆపలేకపోయిన జూనో దేవత కోపదుఃఖాలతో ఏమన్నదో వచనంలో చెప్పాలి. బాగా చెబితే మెప్పు, చెప్పలేకపోతే సిగ్గు, దెబ్బలు. ఆ పాత్ర గౌరవానికి తగిన కోపాన్నీ దుఃఖాన్నీ, తగిన మాటలలో పలికించినవాడికి ప్రశంస దక్కేది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన ఆ బాలుడు తోటివారిలో చప్పట్లు అందుకొన్నాడు. పెద్దయ్యాక మాత్రం అదంతా గాలి, పొగ అని కొట్టిపారేశాడు. అతడి అభ్యంతరం మతపరమైనది. అయినా మూల్యాంకనానికి అతడు చెప్పిన కొలమానాన్ని గమనించాలి. ఎవరు ఎక్కువ ఊహించారన్నది అక్కడ ప్రశ్నగా లేదు.

రోమ్‌లో 1871లో ఒక సమాధిశిల బయటపడింది. అది క్వింటస్ సుల్పీషియస్ మాక్సిమస్ అనే బాలుడిది. జీవించినది 11 ఏళ్ల 5 నెలల 12 రోజులు. క్రీ.శ. 94లో జరిగిన కాపిటోలిన్ పోటీలలో 52 మంది గ్రీకు కవుల మధ్య నిలబడి అతడు ఆశువుగా పద్యాలు చెప్పాడు. విషయం: సూర్యరథాన్ని కొడుకు ఫేథాన్ చేతికిచ్చినందుకు సూర్యుణ్ణి జ్యూస్ మందలిస్తూ పలికిన మాటలు. ఆ గ్రీకు పద్యపాదాలు 43ను తల్లిదండ్రులు సమాధి మీద చెక్కించారు. రాత్రింబగళ్లు విద్యలో మునిగి, అలసటతో జబ్బుపడి చనిపోయాడని కూడా ఆ శిల చెబుతుంది. అవధాన సంప్రదాయం తెలిసిన మనకు ఆశుకవిత్వం కొత్త కాదు. కానీ తాహతుకు మించిన రథమెక్కి కూలిపోయిన కొడుకును గురించి, ఆ రథాన్ని ఇచ్చిన తండ్రిని మందలిస్తూ, పదకొండేళ్ల పిల్లవాడు దేవతల రాజు గొంతులో మాట్లాడాడన్నది తలచుకొన్నప్పుడు, ఈ అభ్యాసాన్ని ‘పిల్లల సరదా’ అన్న కోవలో వేయడానికి మనసొప్పదు.

క్వింటిలియన్ ఈ తరహా రచనను అభ్యాసాలలో అతి కష్టమైనదిగా భావించాడు. కవులకూ చరిత్రకారులకూ కూడా ఇది ఉపయోగమని అతడి అభిప్రాయం. చరిత్రకారులను ప్రస్తావించడం యాదృచ్ఛికం కాదు. ప్రాచీన చరిత్రగ్రంథాలలో రాజులు, సేనానులు చేసే ఉపన్యాసాలను చరిత్రకారులు సందర్భానికి తగినట్లు తామే కూర్చేవారు. అంటే నేటి పరిభాషలో ఇది మొదటి నుంచి ‘వివిధ విషయాల’ అభ్యాసమే.

దీని పరిమితి కూడా అంతే పాతది. హెర్మోజెనిస్ పేరున్న గ్రంథంలో ఒక ఉదాహరణ ఉంది: జీవితంలో మొదటిసారి ఓడను చూసిన రైతు ఏమంటాడు? ధనికుల బిడ్డలు ఆ రైతు గొంతును రాస్తారు. రైతు బిడ్డ ఆ తరగతిలో ఉండడు. బానిస ఎలా మాట్లాడాలో నియమం ఉంది. ఆ నియమాన్ని నేర్చుకొనేది బానిసల యజమానుల పిల్లలు. పాత్రకు తగిన భాష అన్నమాట ఎంత త్వరగా పాత్రకు మనం నిర్ణయించిన భాషగా మారుతుందో ఇక్కడే తెలుస్తుంది.

3. ఔచిత్యం, వీథిబడి

ఇదే ప్రమాదం మన సంప్రదాయంలోనూ ఉంది. నాట్యశాస్త్రం పాత్రల స్థాయిని బట్టి భాషను పంచింది. ఉత్తమ పురుషపాత్రలకు సంస్కృతం, స్త్రీలకూ కింది తరగతులవారికీ ప్రాకృతాలు. 11వ శతాబ్దంలో కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించి పదం, వాక్యం, రసం, దేశం, కాలం, స్వభావం మొదలైన అనేక స్థానాలలో దానిని పరీక్షించాడు. థియోన్ బాలురకు చెప్పిన జాగ్రత్తలకూ క్షేమేంద్రుడు కవులకు చెప్పిన జాగ్రత్తలకూ పోలిక స్పష్టం. ఒకరి ప్రభావం మరొకరి మీద ఉన్నదని ఈ వ్యాసం వాదించదు. మరొకరి నోటితో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఎవరికైనా ఎదురయ్యే ప్రశ్నలవి.

అలంకారశాస్త్రం పండితుల సొత్తు. సాధారణ బాలుడు చదివిన వీథిబడి సంగతి వేరు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని దేశీయ విద్యపై మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసినవాడు కనుక భాష తెలిసి చూసిన చూపు అతడిది. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు అని లెక్క చెప్పాడు. ఆ నివేదికలో తరచుగా ఉదహరించే భాగం ఒకటుంది. వాడుకభాషకు దూరమైన పద్యభాషను బాలురు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారన్న విమర్శ అది. అంతగా ఎవరూ పట్టించుకోని భాగం మరొకటి. ఉపాధ్యాయుడు నానా చోట్ల నుంచి సేకరించిన రకరకాల చేతిరాతల ఉత్తరాలను బాలుర చేత చదివించడం, సాధారణ లేఖలు రాయించడం, ఒప్పందపత్రాల నమూనాలు తయారు చేయించడం కూడా ఆ బడులలో ఉన్నదని అతడు నమోదు చేశాడు.

ఒప్పందపత్రం రాయడమంటే ఏమిటి? బాలుడికి భూమి లేదు, బాకీ లేదు. అయినా ఇచ్చేవాడు ఎవరో, పుచ్చుకొనేవాడు ఎవరో, గడువెంతో, తప్పితే ఏమో, సాక్షులెవరో తెలిసి రాయాలి. పాత్ర, చదివేవారు, రూపం, విషయం అన్నీ అందులో ఉన్నాయి. వడ్డీ లెక్క వస్తుంది కనుక గణితమూ ఉంది. పద్యపాఠంలో కంఠస్థం, పత్రరచనలో ప్రయోజనం – రెండూ ఒకే అరుగు మీద సాగాయి. వీథిబడిని వల్లెవేతకు మారుపేరుగా మాత్రమే చూడడం మన విద్యాచరిత్ర రచనలో స్థిరపడిన అలవాటు. ఆ అలవాటు ఈ రెండో సగాన్ని మరుగుపరచింది.

4. వ్యాసరచన పరీక్ష: విద్యార్థి ఏ గొంతుతో రాయాలి?

1910ల ఆరంభంలో మద్రాసు రాజధానిలో స్కూల్ ఫైనల్, ఇంటర్మీడియట్ స్థాయులలో దేశభాషలో వ్యాసరచన పరీక్షాంశమైంది. దానితో విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్న వివాదం రగిలింది. పుస్తకాల తెలుగుకూ నోటి తెలుగుకూ ఇంత తేడా ఎందుకని పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. యేట్స్ లేవనెత్తిన సందేహం గిడుగు రామమూర్తిని ఈ దారికి మళ్లించిందన్నది ప్రసిద్ధమే. 1913లో గిడుగు ఆధునిక తెలుగును సమర్థిస్తూ విజ్ఞాపనపత్రం ప్రకటించారు. అదే సంవత్సరం జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం వెలువరించారు. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘానికి గురజాడ అప్పారావు తన అసమ్మతి పత్రాన్ని 1914లో సమర్పించారు.

ఈ వివాదాన్ని భాషాశైలుల పోరాటంగా చదవడం పరిపాటి. రచనాబోధన వైపు నుంచి చూస్తే మరో కోణం కనిపిస్తుంది. ఒక బాలుడు తల్లికి లేఖ రాయాలి. గ్రాంథికంలో రాస్తే అది ఏ తల్లికీ ఏ కొడుకూ రాయని లేఖ అవుతుంది. పాత్ర ఉంటుంది, పఠిత ఉంటుంది, ఆ ఇద్దరి మధ్య ఉండవలసిన భాష ఉండదు. తన సొంత గొంతునే కాగితం మీద పెట్టే అనుమతి లేని విద్యార్థిని మరొకరి గొంతు రాయమనడంలో అర్థం లేదు. గిడుగు సవర పిల్లలకు సవర భాషలోనే పాఠాలు తయారు చేసి బడులు నడపడం ఈ ఆలోచనకు పొడిగింపే. ఆ సంగతిని ఆయన తెలుగు భాషాసేవకు అనుబంధంగా చెప్పి వదిలేయడం న్యాయం కాదు.

అసమ్మతి పత్రం రాసిన గురజాడే కన్యాశుల్కం రాశారు. 1897లో వెలువడి, 1909లో తిరగరాసి ప్రచురించిన ఆ నాటకంలో అగ్నిహోత్రావధానులు, గిరీశం, మధురవాణి, రామప్పపంతులు ఎవరి తెలుగు వారిదే. పైగా సందర్భాన్ని బట్టి ఒకే పాత్ర భాష మారుతుంది. వెంకటేశంతో మాట్లాడే గిరీశం వేరు, అవధానుల ఇంట్లో గిరీశం వేరు. నాట్యశాస్త్రం పాత్రకు భాషను పుట్టుకను బట్టి ఇచ్చింది. గురజాడ దానిని ఎదుటివారెవరు, అవసరమేమిటి అన్నదాన్ని బట్టి ఇచ్చారు. తెలుగు విద్యార్థికి పాత్రోచిత రచన నేర్పడానికి ఇంతకు మించిన పాఠం లేదు. మనం మాత్రం ఈ నాటకం మీద ‘గిరీశం పాత్రచిత్రణను వివరించండి’ అనే ప్రశ్నతోనే తృప్తిపడుతున్నాం.

5. గబ్బిలం, పుష్పవిలాపం

పాత్ర మారితే జ్ఞానం ఎలా మారుతుందో చూపడానికి ఒక కావ్యం చాలు. మేఘసందేశంలో యక్షుడు మేఘం ద్వారా ప్రియురాలికి కబురు పంపాడు. 1941లో గుర్రం జాషువా గబ్బిలంలో ఆ రూపాన్నే తీసుకొని పంపేవారిని మార్చారు. పంపేవాడు అస్పృశ్యుడు, చేరవలసినవాడు శివుడు, తీసుకుపోయేది గుడిలోకి అడ్డులేకుండా పోగల గబ్బిలం. మనిషిని రానివ్వని చోటికి గబ్బిలాన్ని పంపాలన్న ఆలోచన ఆ పాత్రలోంచి చూస్తేనే పుడుతుంది. మేఘాన్ని గబ్బిలంగా మార్చింది అలంకారాభిరుచి కాదు, సామాజిక జ్ఞానం. స్వయంగా ఉపాధ్యాయుడైన జాషువాకు అనుభవం నుంచి వచ్చిన జ్ఞానమది. హెర్మోజెనిస్ తరగతిలో లేని రైతు బిడ్డ తెలుగులో ఇక్కడ కలం పట్టాడు.

జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం మరో తరహాది. కోయబోయిన చేతిని ఆపి పూలు మాట్లాడతాయి. ఘంటసాల గానంతో ఇంటింటికీ చేరిన ఆ ఖండిక జనప్రియత్వమే మన బడులలో చెట్టు, పువ్వు, నది ఆత్మకథల వెల్లువకు కారణమై ఉంటుందని నా ఊహ. ఆ ఖండికలో పూల పలుకులు ఒక నిర్దిష్ట సందర్భానికి కట్టుబడి ఉంటాయి. పూజ కోసం పూలు కోయబోతున్న భక్తుడు ఎదుటివాడు. ఆ ఎదుటివాడిని తీసేసి పువ్వును మాత్రం మిగుల్చుకొన్నాయి మన ప్రశ్నపత్రాలు. మూల్యాంకనం చేసినవారికి తెలుసు, నూరు పత్రాలలోని నూరు చెట్లూ నీడనిస్తాయి, పండ్లనిస్తాయి, చివరికి గొడ్డలిని చూసి ఏడుస్తాయి. అది వేపా చింతా, ఊళ్లోదా అడవిలోదా, ఎవరి పొలం గట్టు మీదిది అన్నది ఒక్క చెట్టూ చెప్పదు.

పాఠశాల వార్షికోత్సవాలలో మయసభ దుర్యోధనుడిగా, అల్లూరి సీతారామరాజుగా ఏకపాత్రాభినయం చేసే పిల్లలను చూసి పెరిగిన సమాజం మనది. పాత్రలో ప్రవేశించడం తెలుగు పిల్లలకు నేర్పవలసిన కొత్త విద్య కాదు. కానీ ఆ పలుకులు ఎవరో రాసిచ్చినవి. పలుకును కూడా పిల్లలే రాసుకోవడం దగ్గరనే బడి ఆగిపోయింది.

6. ఇరవయ్యో శతాబ్ది: పఠిత ఎవరన్న ప్రశ్న

ఇంగ్లండులో జేమ్స్ బ్రిటన్, ఆయన సహచరులు 1975లో ప్రకటించిన అధ్యయనం ఆధునిక చర్చకు పునాది. 11 నుంచి 18 ఏళ్ల విద్యార్థులు వివిధ విషయాలలో రాసిన రెండువేలకు పైగా రచనలను వారు పరిశీలించారు. వాటిలో దాదాపు సగం పరీక్షకుడిగా ఉన్న ఉపాధ్యాయుడి కోసం రాసినవని తేలింది. తెలిసినవాడికి, అతడికి తెలిసిందే, తిరిగి అప్పజెప్పే రాత అది. విద్యార్థి ఎవరికి రాస్తున్నాడన్నది రచనను ఎంతగా శాసిస్తుందో ఈ పరిశీలన బయటపెట్టింది. అన్ని విషయాల బోధనలోనూ రచనకు చోటుండాలన్న ఉద్యమానికి ఇది ఊపునిచ్చింది.

అదే దేశంలో, పద్నాలుగేళ్లకే బడి మాని ఉన్నిమిల్లులో పనిచేసిన డొరొతీ హీత్‌కోట్ నాటకాన్ని బోధనాసాధనంగా మలిచారు. ఉపాధ్యాయుడు కూడా పాత్ర ధరించి తరగతిలోకి రావడం, పిల్లలకు నిపుణుల హోదా ఇచ్చి ఒక పని అప్పగించడం ఆమె పద్ధతులు. నిపుణుడి పాత్ర ధరించిన పిల్లవాడు నిపుణుడికి తెలిసినవి తెలుసుకోక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. ఆమె పద్ధతిలోని కీలకం ఇదే. అమెరికాలోని మోంటానా రాష్ట్ర ఉపాధ్యాయుల మధ్య రూపుదిద్దుకొని, 1988లో కారల్ సాంటా పుస్తకంతో ప్రచారం పొందిన రాఫ్ట్ దీనికన్నా సులభమైనది. నాలుగు గడుల పట్టికలో ఇమిడిపోతుంది. సులభమైనవే దూరప్రయాణం చేస్తాయి.

7. మన పాఠ్యపుస్తకాలు, ఒక కరువు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం ఆధారంగా 2012 నుంచి 2014 వరకు దశలవారీగా కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగు వాచకాల అభ్యాసాలలో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ ఒక భాగమైంది. లేఖ, సంభాషణ, ఆత్మకథ, కరపత్రం, ఏకపాత్ర, అభినందన వ్యాసం వంటి రూపాలు పిల్లల ముందుకు వచ్చాయి. వెనకటి వాచకాలతో పోల్చితే ఇది పెద్ద ముందడుగు. అయితే బజారు గైడ్లు ప్రతి సృజనాత్మక ప్రశ్నకూ తయారైన జవాబు అచ్చువేశాయి. పిల్లలు మరొకరి ‘ఊహ’ను వల్లె వేసి పరీక్షలో అప్పజెప్పారు. క్యాంప్‌బెల్ విమర్శించిన వల్లెవేతకు ఇది ఆధునిక రూపం.

దీనికి ఉపాధ్యాయులను మాత్రమే తప్పుపట్టలేము. పాత్రను గురించి తెలుసుకోవలసింది ఏమీ లేని ప్రశ్నకు గైడు జవాబే సరిపోతుంది. తెలుసుకోవలసినది ఇతర విషయాలలో ఉంది. ఆ తరగతులలో పాత్రరచనకు చోటు అరుదు. చెట్టు ఆత్మకథ తెలుగు గంటలో, కిరణజన్య సంయోగక్రియ జీవశాస్త్రం గంటలో ఉంటాయి. రెండూ ఒకే కాగితం మీదికి రావు. శాస్త్రబోధనకు ఇది పరాయిది కాదు. గెలీలియో 1632లో విశ్వవ్యవస్థలపై తన వాదాన్ని ముగ్గురి సంభాషణగా రాశాడు. భూమి కదలదన్న పక్షాన్ని సింప్లీషియో పాత్ర వినిపిస్తుంది. భూమి తిరుగుతుందని వల్లె వేసిన విద్యార్థిని సింప్లీషియో పక్షాన వాదించమంటే, తాను నమ్ముతున్నదానికి ఆధారమేమిటో మొదటిసారి వెదుక్కొంటాడు. గణితంలో భాస్కరాచార్యుడి లీలావతి లెక్కలు ఒక బాలికను పిలుస్తూ సాగుతాయి. లెక్కకు ఎదుటి మనిషి ఉండడం మనకు తెలియనిదేమీ కాదు.

చరిత్రబోధన నుంచి ఒక ఉదాహరణను కొంత వివరంగా పరిశీలిద్దాం. 1876–78లో దక్షిణ భారతాన్ని కుదిపిన కరువును రాయలసీమ ప్రజలు ధాత కరువు అన్నారు. క్యాంప్‌బెల్ బడులను లెక్కించిన బళ్ళారి జిల్లా, కడప, కర్నూలు దారుణంగా దెబ్బతిన్నాయి. వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో సహాయశిబిరాలలో పనిచేసే మగకూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషిని నిలపడానికి చాలదని తీవ్రంగా వ్యతిరేకించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఈ వాదోపవాదాలు 1878లో పాత్రికేయుడు విలియం డిగ్బీ ప్రచురించిన గ్రంథంలో విపులంగా ఉన్నాయి.

‘ధాత కరువుకు కారణాలు, ఫలితాలు రాయండి’ అన్న ప్రశ్నకు ఆరు అంశాల జవాబు వస్తుంది. ‘నీవు డాక్టర్ కార్నిష్‌వు. టెంపుల్ ఆజ్ఞను రద్దు చేయమని మద్రాసు ప్రభుత్వానికి లేఖ రాయి’ అంటే విద్యార్థి చేయవలసిన పని మారుతుంది. ఒక పౌండు అంటే సుమారు 450 గ్రాములు. అంత ధాన్యం ఇచ్చే శక్తి సుమారు 1,600 కిలో కేలరీలు. మట్టి తవ్వి మోసే మనిషికి ఎంత కావాలి? ఇది జీవశాస్త్రం, గణితం. ఎండిన చెరువులు, రైలుమార్గం ఉన్నచోటికి, లేనిచోటికి ధాన్యం చేరిన తీరు భూగోళం. అధికారిని నొప్పించకుండా ఎదిరించే భాష తెలుగు ఉపాధ్యాయుడి వంతు. కార్నిష్‌కు తెలిసే అవకాశం లేని కేలరీ లెక్కను లేఖలో రాయకూడదన్న విచక్షణ థియోన్ చెప్పిన కాలౌచిత్యం. లెక్క విద్యార్థి చిత్తుప్రతిలో ఉండాలి, లేఖలో శిబిరంలో చూసిన శరీరాలు ఉండాలి.

టెంపుల్ పాత్ర ఇంకా కష్టమైనది, ఇవ్వదగినది. అతడిని దుర్మార్గుడిగా రాయడం తేలిక. 1873–74 బీహారు కరువులో ధారాళంగా ధాన్యం తెప్పించి మరణాలను అదుపు చేసినందుకు, ప్రభుత్వ సొమ్ము దుబారా చేశాడన్న నింద మోసినవాడు కూడా ఇతడే. ఆ సంగతి తెలిసిన విద్యార్థి రాసే లేఖలో క్రూరత్వానికి బదులు ఉద్యోగభయం కనిపించవచ్చు. అంతమాత్రాన ఒక పౌండు ఒకటిన్నర పౌండు కాదు. ఒక నిర్ణయాన్ని సమర్థించకుండా అర్థం చేసుకోవడం చరిత్ర నేర్పవలసిన విద్య. ప్రశ్నజవాబుల పద్ధతిలో దానికి దారి కనిపించదు.

మూడో పాత్ర శిబిరంలోని కూలీది. ఇక్కడ ఉపాధ్యాయుడు ఆగి ఆలోచించాలి. టెంపుల్, కార్నిష్ రాసిన మాటలు మిగిలాయి. కూలీ రాసినది లేదు. ఈ ఖాళీని విద్యార్థి కన్నీటితో నింపేస్తే మళ్లీ గొడ్డలిని చూసి ఏడ్చిన చెట్టే వస్తుంది. హెర్మోజెనిస్ రైతులాగా ఆ కూలీ కూడా మనం అనుకొన్న గొంతులో మాట్లాడుతుంది. అందుకని ఈ పాత్ర ఇచ్చేటప్పుడు రాతకన్నా ముందు ఒక జాబితా అడగడం మంచిదని నా ప్రతిపాదన: ఈమె గురించి నాకు ఆధారంతో తెలిసినవి, ఊహించినవి, తెలుసుకోలేనివి. రచన పక్కన ఆ జాబితానూ చూసి మార్కులు వేయాలి. ఇంట్లో అవ్వలూ తాతలూ చెప్పుకొనే కరువు కథలున్న పిల్లలకు మొదటి వరుసలోనే రాయడానికి చాలా ఉంటుంది. జాషువాకు ఉన్నట్లే, వారి దగ్గర ఉపాధ్యాయుడికి లేని ఆధారం ఉంది.

కరువు పనిగా తవ్వించిన బకింగ్‌హాం కాలువ భాగాలు నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ తీరంలోని ఏ బడి పిల్లలైనా కాలువ గట్టు మీద నిలబడి వెడల్పు, లోతు కొలిచి, ఒక మనిషి రోజుకు ఎన్ని గంపల మట్టి మోయగలదో అంచనా కట్టవచ్చు. కూలీ ఇల్లు ఎంత దూరం, పిల్లలను వెంట తెచ్చుకొన్నదా, చేతికి వచ్చిన గింజలలో వారికి ఎంత తీసింది అని వారు అడుగుతారు. వీటిలో కొన్నింటికి నివేదికలలో జవాబులు దొరుకుతాయి. ఆమె పేరేమిటన్న ప్రశ్న మూడో వరుసలోకి వెళుతుంది.